మోడల్ హౌసులో నాగులు

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల పోయే దారిలో, బోర్డు వెలిసిపోయిన వెంచర్ ఒకటి ఉంది. ప్లాట్ల నిండా తుమ్మచెట్లే. వాటి మధ్య ఒక్కటే ఇల్లు... కొనేవాళ్ళకు చూపించడానికి కట్టిన మోడల్ హౌసు. భూమి కోర్టుకెక్కింది, కట్టినవాళ్ళు పత్తా లేరు, ఇల్లు మాత్రం దెయ్యానికి దక్కింది.

దెయ్యం ఆడది. పొద్దుగూకాక పేరు పెట్టి పిలుస్తుంది. రెండు పిలుపుల దాకా ఫర్వాలేదు, మూడోదానికి 'ఆఁ' అన్నారో... ఇక అంతే. వాచ్‌మన్ సోమయ్య చెప్పులైనా తొడుక్కోకుండా పారిపోయాడు. అప్పటి నుంచి మగవాడన్నవాడు ఆ గేటు తాకలేదు. పేకాటకు చోటు లేక తిరిగే పరశురాం మాత్రం, "దయ్యం లేదని తేలిన్నాడు ఆ హాలు నాదే" అనేవాడు.

ఇది మా బాలేష్‌కు జరిగింది. వాడు చెప్పిందే చెబుతున్నాను, నాది రెండు మాటలే.

బాలేష్ ఆటో నడుపుతాడు. తండ్రి లేడు, తల్లి నాగులమ్మే వాడికి లోకం. ఆమె పొద్దున్నే బస్సెక్కి నాదర్‌గుల్ అపార్టుమెంట్లలో అంట్లు తోమడానికి పోతుంది. అక్కడ ఆమె ఫ్లాటు నంబరుతో 'నాలుగొందల రెండు పనామె'. బస్తీలో 'బాలేష్ వాళ్ళమ్మ'. అసలు పేరు రేషన్ కార్డుకు తప్ప ఇంకెవరికీ పట్టదు.

చలికాలం, సాయంత్రం ఏడు దాటింది. పరశురాంను ఎక్కించుకుని మంచాల పోతుంటే — సరిగ్గా ఆ గేటు ముందే — టైరు పంక్చరైంది. దెయ్యాలు మేకులు కూడా వేస్తాయా అని తిట్టుకుంటూ బాలేష్ పానా తీశాడు.

అప్పుడు వినబడింది.

"నాగులూ..."

పానా చేతిలోనే ఆగింది.

"ఎవల్నిరా పిలుస్తున్నది?" పరశురాం గొంతు తగ్గించాడు.

"మా అమ్మను, అన్నా."

"నాగులూ..." రెండోసారి. మెత్తగా, పసిపిల్లను లేపినట్టు.

బాలేష్ గబగబా ఫోన్ తీశాడు. ఎవరు పిలిచినా పలకొద్దని అమ్మకు చెప్పాలి, అంతే. నంబర్ నొక్కాడు...

ఫోన్ మోగింది. ఎక్కడో ఊళ్ళో కాదు — ఆ ఇంట్లోనే. మోగి, ఠక్కున ఆగిపోయింది.

"పా తమ్మీ, నడుచుకుంటనన్న పోదాం," అన్నాడు పరశురాం.

"మూడోసారి పిలిస్తే పలుకుతదన్నా... మా అమ్మ ఎవలు పిలిచినా పలుకుతది."

బాలేష్ పిరికితనం బస్తీకంతా తెలుసు. బల్లి పడితే ఆటో వదిలి దూకే రకం. అలాంటివాడు పానా పట్టుకుని ఆ తుమ్మల్లో పడి ఉరికాడు. తలుపు తన్నాడు —

లోపల కొవ్వొత్తి. దాని చుట్టూ కుర్చీలు. కాలు విరిగిన సోఫా, చేయి ఊడిన ప్లాస్టిక్ కుర్చీ, గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీ... అన్నింట్లో ఆడవాళ్ళు. తిరిగే కుర్చీలో, కాలు మీద కాలేసుకుని, కళ్ళు నులుముకుంటూ — నాగులమ్మ.

"యమునక్కా... నువ్వా?" అన్నాడు వాడు, ఆమె పక్కన నిలబడ్డ మనిషిని చూసి.

నేనే. రెండుసార్లు పిలిచిందీ నేనే, ఫోన్ నొక్కేసిందీ నేనే. ఇక దాచడమెందుకు, పరశురాం ఎలాగూ చదవడు. నేనూ ఆ అపార్టుమెంట్లలోనే వంట చేస్తాను. ఈ కుర్చీలన్నీ అక్కడివాళ్ళు పారేసినవే. అక్కడ రోజంతా కుర్చీలు తుడుస్తాం, కూర్చోం. ఇంటికి పోతే పొయ్యి ముందు చతికిలబడతాం. మధ్యలో ఈ అరగంట మాత్రం మా పేర్లతో మేం ఉంటాం. నాగులమ్మ ఇక్కడ మా దొరసాని. ఎకసెక్కాలాడుతుంది, చాయ్‌లో చక్కెర తక్కువైతే అలుగుతుంది. దెయ్యాన్ని పుట్టించి సోమయ్యను తరిమిందీ ఆమే. ఆ రోజు అలసిపోయి కునుకు తీస్తే లేపుతున్నాను.

కొడుకును చూడగానే ఆమె గభాలున లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది, తల దించుకుంది. దొరసాని ఎటు పోయిందో, నాలుగొందల రెండు పనామె మిగిలింది.

"గిదేందమ్మా?"

"జరసేపు కూసుంటం బిడ్డా," అంది, దొంగతనం చేసి దొరికినట్టు.

గేటు దగ్గర్నుంచి పరశురాం అరిచాడు. "బాలేషూ, ఏమున్నదిరా లోపల? దయ్యమా, మనుషులా?"

మనుషులే అన్న ఒక్క మాట చాలు — రేపటి నుంచి ఈ హాలులో పేకముక్కలు పడతాయి, మేం రోడ్డున పడతాం.

బాలేష్ తల్లిని చూశాడు. ఇంకా తిరుగుతున్న ఖాళీ కుర్చీని చూశాడు. వెళ్ళి గడప మీద నిలబడ్డాడు. వాడి గొంతు నిజంగానే వణికింది.

"మా అమ్మ లెక్కనే ఉన్నదన్నా... కానీ మా అమ్మ కాదు."

పరశురాం ఉరికిన చప్పుడు తుమ్మల అవతలి దాకా వినిపించింది. మాలో ఒక్కరం కూడా నవ్వలేదు. నాగులమ్మ చాలాసేపు తలుపు వైపే చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, కొడుకు చూస్తుండగానే కూర్చుంది.