పిలుపుకు సాక్షి

ఉదయం పదిన్నరకు మెరకలంక విలువల సంఘం అధ్యక్షుడు యెరుబండి విశ్వనాథం ఇంటి మీద పిలుపు పడింది. అది ఐదోసారి.

ఆ సమయానికి సాక్షి గుత్తుల భ్రమరాంబ రెండో వార్డులో మరో పిలుపు ముగిస్తోంది. కొంటున్న మనిషి గడప ఎదుట నిలబడి ఇంటి ధర బిగ్గరగా చెప్పాడు. ఇంటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. భ్రమరాంబ భుజం మీది శ్రుతిపేటిక వైపు తల తిప్పి "విన్నాను" అంది. ఇల్లు చేతులు మారింది.

సముద్రం ముందుకొచ్చాక, రోజురోజుకీ తరిగిపోయే నేలకు ధర కట్టడం యంత్రాల వల్ల కాలేదు. ఎవరి ఇంటికి వాళ్లే చెప్పుధర చెప్పుకోవాలని చట్టం వచ్చింది. పన్ను దాని మీదే. ఎక్కువ చెబితే పన్ను మోయలేరు. తక్కువ చెబితే ఆ ధరకే ఎవరైనా ఇల్లు పిలిచి కొనేసుకోవచ్చు. యజమాని కాదనడానికి లేదు. కాకపోతే పిలిచే మనిషి గడప ముందుకొచ్చి, యజమాని మొహం చూసి ధర చెప్పాలి. సాక్షి వినాలి. పేటిక శబ్దాన్ని కొలుస్తుంది; ఆ కొలతను యజమాని అర్జీ పెడితేనే చూస్తారు. మాటకు మాత్రం మనిషి చెవే ప్రమాణం.

విశ్వనాథం మేడ మెరక మీద ఉంది. పదిహేను గదులు. చెప్పుధర పదహారు లక్షలు, ఒక మరపడవ ఖరీదు. ఊరి చెప్పుధరలు చూసే సంఘంలో మిగతా సభ్యుల ఇళ్లూ ఇంచుమించు అంతే. వచ్చే పన్నుతో ఊరు గడవక మూడో వార్డు ఆసుపత్రి మూసేశారు. పల్లపు వీధుల్లో ఉప్పునీళ్లు తోడే యంత్రాలు ఆపేశారు. మేడ మీద పిలుపు పడిన నాలుగుసార్లూ పక్కనున్న మోటారు మోగింది. సాక్షులు "వినలేదు" అన్నారు. పిలిచినవాళ్ల బయానా పోయింది. నాలుగోసారి సాక్షి భ్రమరాంబే. ఆమె నిజమే చెప్పింది.

మేడ ఆవరణలో ఆర్కిడ్ల షెడ్డు ఉంది. ఎనిమిదేళ్ల క్రితం అక్కడ ఆమె తండ్రి ఇల్లు ఉండేది. పన్ను కట్టలేక ఆయన ధర తగ్గించి చెప్పుకున్న వారంలోనే విశ్వనాథం వచ్చి పిలిచాడు. మరుసటి ఏడాది ఆమె ఈ ఉద్యోగంలో చేరింది.

కార్యాలయం నుంచి చెవిలో మాట వినిపించింది. "భ్రమరాంబ గారూ, విశ్వనాథం గారింటికి ఇంకెవర్నన్నా పంపమంటారా? మీకూ ఆయనకీ పాత గొడవ ఉందిగా."

"అక్కర్లేదండి. దగ్గర్లోనే ఉన్నాను."

మేడ గేటు దగ్గర మల్లాడి కాశమ్మ నిలబడి ఉంది. మూడో వార్డులో చేపలమ్మే మనిషి. పిలుపు వేసింది ఆమే. భుజానికి సంచీ ఉంది.

"డబ్బెవరిది కాశమ్మగారూ?"

"మా ఈది ఆడోళ్లందరిదీనమ్మా. ఈ మేడలో ఆసుపత్రి పెట్టుకుంటాం. నా కోడలు పడవలో కనింది. పిల్ల దక్కలేదు." కాశమ్మ గొంతు తగ్గించింది. "ఈసారన్నా ఇంటావా?"

భ్రమరాంబ గేటు తీసింది.

విశ్వనాథం అరుగు మీద కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "రామ్మా భ్రమరాంబా. నాన్నగారు కులాసానా?"

"అద్దె గదిలో ఉన్నారండి. మా పొయ్యిగట్టు మీద మీరేం పూలు వేశారని అడుగుతుంటారండి."

"ఓ కుండీ పంపిస్తాలే." ఆయన కాశమ్మ వైపు తిరిగాడు. "ఏమే, చేపలు తెచ్చావా?"

"తేలేదండి బాబూ. సంచీ మీ తాళాలకని ఖాళీగా ఉంచానండి."

విశ్వనాథం నవ్వి, కూర్చున్న చోటి నుంచే గోడ మీది మీట నొక్కాడు. మోటారు మొదలైంది. అరుగు మీది కాఫీ కప్పు అదిరింది. కాశమ్మ గడప ముందుకు నడిచి, ఆయన మొహంలోకి చూస్తూ నోరు తెరిచింది. మెడ నరాలు పొంగాయి. పెదాలు కదిలాయి. భ్రమరాంబకు ఒక్క ముక్క వినపడలేదు.

కాశమ్మ నోరు మూశాక మోటారు ఆగింది.

"ఊఁ, చెప్పమ్మా," అన్నాడు విశ్వనాథం.

"విన్నాను," అంది భ్రమరాంబ.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఏం విన్నావే?"

"పదహారు లక్షలని విన్నానండి."

"ఆ మోతలో నీకెలా వినపడింది?"

"మోటారు వేశారా అండి? పిలుపప్పుడు మోత పెడితే ఇల్లు జప్తండి. ఆ పదహారు లక్షలు కూడా రావు. వేశానని అర్జీ రాసివ్వండి. పేటికలో కొలత చూస్తారు, నేను అబద్ధమాడానని తేలిపోద్ది."

కాశమ్మ సంచీ గట్టిగా పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఇదంతా ఎవరు నేర్పారే నీకు?"

"మీ అరుగు మీదే నేర్చుకున్నానండి."

విశ్వనాథం మెట్లు దిగి ఆమె దగ్గరకొచ్చాడు. పేటిక మూత ఇంకా తెరిచే ఉంది. అది మూసేదాకా సాక్షి మాట మార్చుకోవచ్చు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"భ్రమరాంబా," అన్నాడు గొంతు తగ్గించి. "షెడ్డు తీయించేస్తాను. మీ నాన్న ఇల్లు ఎలా ఉండేదో అలాగే కట్టించి ఇస్తాను. పెద్దాయన పోయేలోపు సొంత గడప తొక్కుతాడు. పొరబడ్డాను, వినలేదని ఒక్క మాట అను."

భ్రమరాంబ షెడ్డు వైపు చూసింది. అద్దె గదికి కిటికీ లేదు. తండ్రి రోజంతా తలుపు తీసుకుని కూర్చుంటాడు.

"అమ్మా," అంది కాశమ్మ.

భ్రమరాంబ పేటిక మూసింది.

"ఆ షెడ్డు కూడా మేడతో పాటే పిలుపులోకి వచ్చేసిందండి," అంది. "ఇక మీరేం అడగాలన్నా కాశమ్మగారిని అడగండి. చెప్పులు విప్పి అడగండి, అది ఆవిడ అరుగు."

మధ్యాహ్నానికి పదహారు లక్షలు విశ్వనాథం ఖాతాలో జమయ్యాయి. ఆ ధరకు మెరక మీద ఖాళీ ఇల్లు లేదు. సంఘం సభ్యుల్లో ఏడుగురు కార్యాలయం మూసేలోపు వచ్చి తమ చెప్పుధరలు పెంచుకున్నారు. ఒకాయన తొమ్మిదింతలు చేశాడు. ఆ ఒక్క పూట పెరిగిన పన్నుతో పల్లపు వీధుల్లో యంత్రాలు ఏడాది నడుస్తాయని లెక్కల విభాగం తేల్చింది.

ధర పెంచుకోని సభ్యులు నలుగురు. మర్నాటి పిలుపుల జాబితాలో ఆ నలుగురి ఇళ్లూ ఉన్నాయి. భ్రమరాంబ మీద అర్జీ ఏదీ అందలేదు. నాలుగు ఇళ్లకూ సాక్షిగా ఆమె పేరే వేశారు.