పెద్దబావ ఇచ్చిన పేస్టు

మెకానిక్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క. చేతిలో మూత తియ్యని థర్మల్ పేస్ట్ ట్యూబు. ఎదురుగా బల్ల మీద కంప్యూటర్ పొట్ట విప్పుకుని పడి ఉంది.

అది అలాంటిలాంటి కంప్యూటర్ కాదు. ఫ్యాన్లు చాలక గొట్టాల్లో నీళ్ళు తిప్పి చల్లబరుస్తారు. ఒకసారి పని మొదలుపెడితే ఆ వేడికి డిపార్ట్‌మెంట్ మొత్తానికి కాఫీ కాచవచ్చంటారు. ఆ కాఫీ తాగినవాళ్ళు మాత్రం ఎవరూ కనబడలేదు.

సీక్రెట్ సర్వీస్‌లో చీఫ్‌ని పెద్దబావ అంటారు. ఆయన చెల్లెల్ని చేసుకున్న ఏజెంట్‌ని చిన్నబావ అంటారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఉత్త ‘బావా’ అని పిలుచుకుంటారు.

ఆ పొద్దున చిన్నబావ ఏసీ రిపేరువాడి వేషంలో వచ్చాడు. సొంత ఆఫీసుకైనా మారువేషంలోనే రావాలని అక్కడి రూలు. రోజూలాగే వాచ్‌మన్ కోడ్‌వర్డ్ అడిగి, పెట్టుడు మీసం కొంచెం ఎడమకి జరిగిందని సర్ది లోపలికి పంపాడు.

పెద్దబావ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. ‘నల్లగొడుగు’ అనే విదేశీ ముఠా సంకేత భాషలో పంపుకున్న సందేశం ఒకటి దొరికింది. కంప్యూటర్ దాన్ని విప్పుతూ విప్పుతూ వేడెక్కి ఆగిపోయింది. సర్వీస్ తరఫున ఆ ముఠాలో దొంగపేరుతో చేరినవాడు చిన్నబావ సొంత తమ్ముడు. మధ్యాహ్నం పన్నెండింటికి వాడు రేవులో ఒకణ్ణి కలవబోతున్నాడు. అది మామూలు కలయికో, వాణ్ణి పట్టుకోవడానికి పన్నిన ఉచ్చో ఆ సందేశంలోనే ఉంది.

"మెకానిక్‌ని చంపిందెవరు బావా?"

"నెమలి మీద అనుమానం. ఓ కన్నేసి ఉంచు."

నెమలి డబుల్ ఏజెంట్. ఆకుపచ్చ సిల్కు గౌను, ఎత్తు మడమల చెప్పులు. ఇటూ అటూ రెండు చోట్లా హాజరు వేయించుకుంటుంది. సెలవు ఎక్కడ పెడుతుందో ఎవరికీ అంతుచిక్కలేదు.

పెద్దబావ రెండు వస్తువులు బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్త వాటర్ బ్లాకు. ప్రాసెసర్ మీద కూర్చుని, కడుపులో నీళ్ళు తిప్పుకుంటూ దాని వేడిని లాగేసే రాగి దిమ్మ. పాతది లీకవుతోందని ఆయనే తీసి చెత్తబుట్టలో పడేశాడు. రెండోది లిక్విడ్ మెటల్ ట్యూబు. పాదరసంలా మెరిసే పేస్టు. వేడిని దాటించడంలో దాన్ని మించింది లేదన్నాడు. ఇంటి నుంచి టిఫిన్ బాక్సు తెచ్చినంత ప్రేమగా ఇచ్చి, అద్దాల క్యాబిన్‌లోకి వెళ్ళి కూర్చున్నాడు.

నెమలి పక్కకొచ్చి లిప్‌స్టిక్ తీసింది. కుడికి తిప్పితే ఎరుపు, ఎడమకి తిప్పితే బూడిదరంగు థర్మల్ పేస్ట్.

"ఇది మామూలు పేస్టు. దేని మీద రాసినా దేన్నీ తినదు. మెకానిక్ కూడా ఇదే రాయబోయాడు."

"వాడి గతి చూశాంగా. నాకు మా బావ ఇచ్చింది చాలు."

ప్రాసెసర్ మూతకీ బ్లాకుకీ మధ్య కంటికి ఆనని గుంటలుంటాయి. వాటిలో గాలి నిలిస్తే వేడి దాటదు. వాటిని పూడ్చడానికే పేస్టు. చిన్నబావ లిక్విడ్ మెటల్‌ని పల్చగా పూసి, బ్లాకు ఆనించి అదిమి పట్టాడు. తొందరలో స్క్రూడ్రైవర్ జారి బ్లాకు అడుగు అంచున గీరుకుంది. బిగించబోతూ చెయ్యి ఆపి, అలవాటు ప్రకారం బ్లాకును ఒకసారి ఎత్తి చూశాడు. పేస్టు అచ్చు అంతటా సమంగా పడిందో లేదో ఎత్తి చూస్తేనే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే బల్ల దగ్గర పెద్దబావ నేర్పిన పద్ధతి అది.

అచ్చు బాగానే పడింది. కానీ అంచున గీత పడిన చోట రాగి రంగు తడిసిన సున్నంలా పెచ్చు లేచింది. కింద బూడిదరంగు లోహం గోరు తగిలితే పొడిపొడిగా రాలుతోంది.

పైన పల్చటి రాగి పూత, లోపల అల్యూమినియం. లిక్విడ్ మెటల్ రాగిని ఏమీ అనదు. అల్యూమినియాన్ని చెదపురుగులా తినేస్తుంది. బిగించి ఉంటే కాసేపటికి అడుగు చిల్లుపడి, నీళ్ళన్నీ కంప్యూటర్ బుర్రలోకి దిగేవి. పన్నెండు కొట్టేసరికి తమ్ముడు ఉచ్చులో ఉండేవాడు. అందరూ అయ్యో అనేవారు, అందరికంటే గట్టిగా పెద్దబావ అనేవాడు.

చిన్నబావ ఆ దిమ్మను తిప్పితిప్పి చూశాడు. ఇంకెవరైనా మార్చి ఉంటారని నమ్మడానికి ఓ దారి వెతికాడు. దొరకలేదు.

నెమలి క్యాబిన్ అద్దానికి అడ్డంగా నిలబడి తీరిగ్గా జుట్టు సర్దుకుంది. ఆ చాటున చిన్నబావ చెత్తబుట్టలోని పాత బ్లాకు తీసి ఊదాడు. గాలి ఎక్కడా కారలేదు. స్పిరిట్‌తో మెటల్ మరకలన్నీ తుడిచాడు. లిప్‌స్టిక్ ఎడమకి తిప్పి బఠాణీగింజంత వేశాడు. బిగించి స్విచ్ నొక్కాడు. కంప్యూటర్ ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకుంది.

గోడ గడియారం పన్నెండుకి గొంతు సవరించుకుంటుండగా తెర మీద అక్షరాలు పడ్డాయి.

‘రేవుకి వచ్చేవాడు మనవాడు కాదు. పట్టుకోండి. కబురు నిజమే. వాడి అన్నకి పైఅధికారే చెప్పాడు.’

వైర్‌లెస్‌లో చిన్నబావ ఒక్క ముక్క అన్నాడు. రేవు గేటులో ఒక కాలు పెట్టిన తమ్ముడు ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు కొట్టింది మొదటి గంట.

క్యాబిన్ తలుపు తెరుచుకుంది. పెద్దబావ చేతిలో పిస్తోలు. నొక్కితే టిక్కుమని ఊరుకుంది.

"తూటాలు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయండి," అంది నెమలి మర్యాదగా.

ఆయన అక్కడే కూలబడ్డాడు. "ఎలా తెలిసింది బావా?"

"ఎత్తి చూశాను. నువ్వే నేర్పావుగా."

"నేను చెప్పినవన్నీ మర్చిపోయి అదొక్కటి గుర్తుపెట్టుకున్నావా?"

"తమ్ముడికి ఈత నేర్పింది నువ్వు బావా. మునగబోతే జుట్టు పట్టి లాగింది కూడా నువ్వే."

పెద్దబావ ఖాళీ పిస్తోలు నేల మీద పెట్టాడు. ముఠావాళ్ళు మొదట చిన్న కబురు అడిగారని, పోనుపోను అడగడం మాని ఆజ్ఞలిచ్చారని గొణిగాడు. మెకానిక్ బ్లాకును గీకి చూస్తానన్నాడట. అందుకే సూది.

చిన్నబావ ఇంటికెళ్ళి మీసం పీకి బల్ల మీద పెట్టాడు.

"అన్నయ్య భోజనానికి వస్తానన్నాడే?" అంది భార్య.

పనిలో ఇరుక్కున్నాడని చెప్పి కుర్చీలో వాలాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది. దాన్ని ఎత్తి అడుగు చూశాడు. గోటితో గీకి చూశాడు. స్టీలే, అనుమానం లేదు.

అయినా గ్లాసు ఆవిడకే తిరిగిచ్చి అన్నాడు:

"ముందు నువ్వో గుక్క తాగు."