రెండో తలుపు

ఆదోని పత్తి మార్కెట్ గేటు ముందు, పట్టపగలు, దేవరాజును కాల్చి చంపారు. పాత వ్యాను ఎక్కడుందో ఏజెన్సీకి చెప్పడమే అతను చేసిన తప్పు.

ఏజెంట్ రజిని చెవిలోని ఇయర్‌పీస్ పలికింది. చీఫ్. కోడ్‌నేమ్ పెద్దమ్మ.

"టార్గెట్ ఎమ్మిగనూరులో ఉంది. నలభై ఏళ్ల నాటి కాన్సెప్ట్ మినీవ్యాను. మోటార్ షో కోసం ఒక్కటే చేశారు. కంపెనీ మూతపడితే పాత సామాన్ల కింద అమ్మేశారు. చదునైన ఫ్లోరు, పక్కకు జరిగే తలుపులు, ఊడదీసే సీట్లు... తర్వాతొచ్చిన వ్యానులు దాన్ని చూసి నేర్చుకున్నవే. కోబాల్ట్ ముఠా అవన్నీ తన పేటెంట్లంటోంది. రేపు కోర్టు వాళ్లు ఒరిజినల్ చూస్తారు. ఆలోపు ముఠా దాన్ని పేల్చేస్తుంది."

"ఇప్పుడెవరు నడుపుతాండారు?"

"హులిగెమ్మ. స్కూలు పిల్లల్ని తిప్పుతుంది."

రజినికి ఒళ్లు మండింది. "పిల్లోళ్లెక్కే బండి అని తెలిసీ ఆపలేదా?"

"ఆపితే ముఠాకు అనుమానమొస్తుంది. ఆధారం ముఖ్యం. అక్కడ మన మనిషి హేమలత కలుస్తుంది. ఆ వీధిలో, మగ్గాల ఇంట్లోనే పుట్టింది."

"మీ ఆధారం మంటల్లో పడ!"

నెత్తిన మూటతో, ఉరుకుంద ఈరన్న గుడికి పోయే భక్తురాలి వేషంలో రజిని ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో దిగింది. వీధి పొడవునా పడుగు, మగ్గానికెక్కించే నిలువు దారాలు, సాగదీసి ఉంది. అవతల నల్లకళ్లద్దాలతో హేమలత, సినిమా తారలా.

"ఈరన్న బస్సు పోయిందా?" రజిని కోడ్ విసిరింది.

"ఖాళీగా పోయింది," అంటూ హేమలత కుచ్చిళ్లెత్తి, పడుగు దాటి వచ్చేసింది.

పడుగుకు గంజి పెడుతున్న నేతగత్తె నరసమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది. "ఏయ్, యావూరిదానివే? పడుగు దాటుతావా? కాళ్లిరగ్గొడతా!"

రజిని మూటలోంచి తీసిన పిస్టల్ హేమలత నడుముకు తగిలింది. "మగ్గాల ఇంట్లో పుట్టినదానివి, సుట్టు తిరిగి రావాలని నీకు ఎవురూ సెప్పలేదా? నువ్వు ముఠాదానివే. బాంబు యాడ పెట్టినావు?"

హేమలత చూపు ఒక్క క్షణం వీధి చివరికి పోయింది. ఆ చూపు చాలు. హులిగెమ్మ వ్యాను. లోపల పిల్లల గోల. రజిని అటు తిరగ్గానే హేమలత ఆమెను తోసేసి, పక్క సందులో ఆగి ఉన్న ముఠా కొత్త వ్యానులోకి దూరింది.

దాని వెంట పోవాలా? పిల్లలు!

రజిని పరుగెత్తింది. వ్యాను దగ్గరికి రాగానే చేతి గాజులోని బాంబు డిటెక్టర్ ఎర్రగా వెలిగింది.

"తలుపు రాలేదమ్మా! ఏందో అంటించినారు!" హులిగెమ్మ ఏడుస్తూ లాగుతోంది. డ్రైవర్ సీటు వెనక ఇనుప జాలీ. పిల్లలు దాన్ని పట్టుకుని అరుస్తున్నారు.

తలుపు కాదు, తలుపులు అంది పెద్దమ్మ. రజిని అటువైపుకు తిరిగింది. ఏళ్లుగా అంటించిన వంటనూనె ప్రకటనల పోస్టర్ల కింద రెండో తలుపు గీత. ఈ బండిని నకలు కొట్టినవాళ్లు ఖర్చు మిగులుతుందని వదిలేసిన తలుపు. గోళ్లు విరిగేలా పోస్టర్లు చీల్చి, కాలు తన్నిపెట్టి లాగింది.

"దిగండ్రా! ఉరకండి!"

చివరి పిల్లను దించి లోపలికి దూకింది. నడిమి సీటు కింద టిక్‌టిక్. క్లిప్పులు లాగింది. సీటు బాంబుతో సహా ఊడొచ్చింది. పక్కనున్న పాడుబావిలోకి విసిరింది.

భూమి అదిరింది.

పేలుడు చూడాలని సందులోనే ఆగిన కొత్త వ్యాను డ్రైవరు ఆ శబ్దానికి దూకి పారిపోయాడు. వెనక హేమలత, ఇద్దరు విదేశీయులు. డ్రైవరు సీటుకూ వాళ్లకూ మధ్య ఇనుప అడ్డు. వెనక తలుపుకు గోడ అడ్డం. ఉన్న ఒక్క పక్క తలుపు తెరుచుకునేలోపే హులిగెమ్మ తిట్టుకుంటూ పాత వ్యానును రివర్స్ చేసి దానికి ఆనించేసింది. లోపలి నుంచి గుద్దుళ్లు.

"రజినీ, ఆధారం భద్రమేనా?" ఇయర్‌పీస్ అడిగింది.

"పిల్లోళ్లు భద్రం," రజిని పళ్లు కొరికింది. "ముందు అది అడుగు, పెద్దమ్మా."



"మరి ముఠా?"

"బండిలోనే ఉండారు. నకలు కొట్టినోళ్లు రెండో తలుపు కూడా కొట్టింటే ఈపాటికి తప్పించుకునేవాళ్లు."