పుట్టకముందు ఇచ్చిన మాట

నేను బస్సు కండక్టర్ని. డిపోలో నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు, 'విజిల్' అంటారు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుందని కాదు. అది లేకపోయినా నా గొంతు వెనక సీటు దాకా వినిపిస్తుందని. ఒక విజిల్ వేస్తే బస్సు ఆగాలి, రెండు వేస్తే కదలాలి. ఆపేది నేనే, కదిలించేదీ నేనే. ఆ పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చింది.

కడుపుతో ఉన్నానని తెలిసేసరికి, దానికి కారణమైన పెద్దమనిషి స్టాపు కాని చోట దిగిపోయాడు. పోతే పోయాడు. నేను ఏడవలేదు, వెతకలేదు. బిడ్డను కంటాను, పెంచుకోవాలని ఆశపడుతున్న మంచివాళ్ళకు ఇస్తాను అని నిర్ణయించుకున్నాను. నాకు తల్లినై బతకాలని లేదు. అంతే. ఎందుకు ఇస్తున్నావు, ఎలా ఇవ్వగలుగుతావు, రాయి గుండె కాకపోతే... అంటూ చెవిలో జోరీగల్లా తిరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. "టికెట్ తీసుకున్నారా? లేదు కదా. మరి దిగండి" అన్నాను అందరితోనూ.

ఆసుపత్రిలో ఇలాంటి వ్యవహారాలు చూసే కౌన్సెలర్ మేడమ్ ఒకావిడ ఉంది. నెమ్మదైన మనిషి. వెళ్ళిన మొదటి రోజే, "మేడమ్, ఇచ్చేస్తానని ఇప్పుడే చెప్పేస్తున్నా. ఇక అడగక్కర్లేదు" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఇప్పుడు నువ్వేం చెప్పినా అది లెక్కలోకి రాదమ్మా. బిడ్డ పుట్టాలి. నీ ఒళ్ళు తేరుకోవాలి. బిడ్డ మొహం చూడాలి, ఎత్తుకోవాలి. అప్పుడు కూడా ఇస్తాననే అనిపిస్తే, అప్పుడు చెప్పు. ఎవరికి ఇవ్వాలో నువ్వే ఎంచుకోవచ్చు. ఇచ్చాక కూడా కొన్నాళ్ళు గడువుంటుంది. ఆలోపు మనసు మారితే నీ మాట నువ్వు వెనక్కి తీసుకోవచ్చు. ఎవరూ కాదనరు."

"నా మనసు మారదు."

"మారకపోవచ్చు. కానీ మారే హక్కు నీది."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజంతా డిపోలో దాన్నే తలుచుకుని తిరిగాను.

నొప్పులు మొదలయ్యాక నన్ను పాత భవనంలో చివరి గదిలో పడుకోబెట్టారు. పెద్ద గది, ఒకటే మంచం. మంచం చుట్టూ పైకప్పు కింద గుండ్రంగా ఇనుపకమ్మీ, కమ్మీ నిండా ఇత్తడి రింగులు. తెర మాత్రం లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ రింగులవైపు చూస్తూ పళ్ళు బిగించాను. చివరికి ఓపిక నశించి, నా మామూలు గొంతుతో, అంటే వెనక సీటు దాకా వినిపించేలా అరిచాను. "నావల్ల కాదు! ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోండి దీన్ని!"

"సరేనమ్మా" అని ఎవరో అన్నారు. మెత్తటి గొంతు. మంచం వెనకనుంచి.

నర్సే అనుకున్నాను. కాసేపటికి పాప పుట్టింది. నర్సు పాపను తెచ్చి నా గుండెల మీద పెట్టింది. ఎర్రగా, తడిగా, ప్రపంచం మీద కోపంగా ఉంది. కుడి చెవి తమ్మె కాస్త మడతపడి ఉంది, అచ్చం నాలాగే. నాకు ప్రేమ పుట్టింది. దాచేదేముంది, పుట్టింది. అయినా నిర్ణయం మారలేదు. ఆ రెండూ ఒక మనిషిలో పక్కపక్కనే కూర్చోగలవని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇందాక సరేనమ్మా అన్నారుగా, నిజంగానే పట్టుకుపోతారేమో అనుకున్నా" అన్నాను నర్సుతో నవ్వుతూ.

"నేనేం అనలేదే" అంది నర్సు.

మర్నాడు గది తుడవడానికి వచ్చిన ఆయమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. పైన రింగులవైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఈ గది ఒకప్పుడు నీలాంటి వాళ్ళకేనమ్మా. బిడ్డను ఇచ్చేస్తామని ముందే ఒప్పుకున్నవాళ్ళకి. ఒప్పుకున్నారో, ఇంట్లోవాళ్ళు ఒప్పించారో... పెద్ద నర్సమ్మ ఉండేది. కాన్పు అవుతుండగానే తల్లికీ బిడ్డకీ మధ్య తెర లాగేసేది. ఏడుపు వినపడేది, అంతే. మొహం చూపించేది కాదు. చూడకపోతే మర్చిపోతారని ఆవిడ నమ్మకం. మంచిదే చేస్తున్నాననుకునేది పాపం."

"తల్లి చూపించమని అడిగితే?"

"మాట ఇచ్చావుగా అనేది."

"ఇప్పుడెక్కడుంది?"

"పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాతే తెరలన్నీ విప్పించేశారు." ఆయమ్మ గుడ్డ పిండుకుంది. "మంచం మార్పించుకో తల్లీ. అడిగితే ఇస్తారు."

నేను మార్పించుకోలేదు. ఎవరో పోయినావిడకి భయపడి నేను మంచం మారాలా? సీటు నాది, నేనే కూర్చుంటాను. నా మొండితనం అలాంటిది.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి లేదు. కిటికీలోంచి వచ్చే వెలుగు బూడిదరంగులోకి తిరిగింది. కాసేపటికి ధారగా వాన మొదలైంది, కరెంటు పోయింది. నర్సు దీపం తెస్తానని వెళ్ళింది. చెప్పుల చప్పుడు వరండా పొడవునా వెళ్ళి, ఎక్కడో మలుపు తిరిగి, ఆగిపోయింది. పాప నా పక్కనే ఉయ్యాలతొట్టిలో నిద్రపోతోంది. ఊపిరి తీసుకుంటుంటే ముక్కులో చిన్న గురక. నేను ఆ గురకే వింటూ పడుకున్నాను.

ముందు వాసన వచ్చింది. ఉడకబెట్టిన గుడ్డల వాసన, గంజి వాసన. ఎక్కడో బట్టలు ఉతుకుతున్నారనుకున్నాను. ఇంత వానలోనా?

టిక్.

పైన ఒక రింగు కదిలింది.

వానకి గోడలు అదురుతున్నాయేమో అనుకున్నాను. ఇంకొకటి కదిలింది. ఇంకొకటి... తర్వాత అన్నీ ఒకేసారి, టర్ర్‌ర్‌మని, తల దగ్గరనుంచి కాళ్ళ దాకా.

నాకూ తొట్టికీ మధ్య తెర ఉంది.

తెల్లటి తెర. పైనుంచి నేల దాకా. చెయ్యి చాపి పట్టుకున్నాను. చల్లగా, తడిగా, గట్టిగా ఉంది. లాగాను. వస్తోంది... వస్తూనే ఉంది... చివర దొరకడం లేదు. చేతుల్లో, ఒళ్ళో, మంచం మీద మూరలకొద్దీ తడిగుడ్డ. అవతల పాప గురక వినిపిస్తోంది. ఆ తెర మీద ఒక నీడ వంగింది. నెమ్మదిగా. ఏళ్ళ తరబడి తొట్లమీదకి వంగిన నడుము అది. రవ్వంత కూడా తొందర లేదు దానికి.

అరవబోయాను. జీవితంలో మొదటిసారి నా గొంతు నాకే వినిపించలేదు.

"చూడకమ్మా" అంది మెత్తటి గొంతు. "చూడకపోతే మర్చిపోతావు."

"చూశాను..." అన్నాను.

నీడ ఆగింది.

"చూశాను. కుడి చెవి నాలాగే ఉంటుంది. ఆవలించేటప్పుడు ఒక పక్కకే నోరు తెరుస్తుంది. నేను మర్చిపోను. మర్చిపోవాలని నిన్ను అడిగానా?"

"మాట ఇచ్చావుగా."

అప్పుడొచ్చింది నాకు కోపం. భయం ఎక్కడికీ పోలేదు, కోపం వచ్చి దాని మీద కూర్చుంది. "పుట్టకముందు ఇచ్చిన మాట లెక్కలోకి రాదు!" అని అరిచాను. "నొప్పుల్లో అన్నది అసలే రాదు. పుట్టాక, చూశాక, నేను నా నోటితో చెప్పాలి. ఇంకా చెప్పలేదు. ఇచ్చేది నేను. నువ్వు తీసుకునేది లేదు!"

వాన చప్పుడు. గురక.

"నాకెవరూ అలా చెప్పలేదే..." అంది ఆ గొంతు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టుంది. జాలి పడబోయాను కూడా.

"అయితే ఇప్పుడు చెప్పు" అంది.

"ఏంటి?"

"పుట్టింది. చూశావు. ఇప్పుడు చెప్పు తల్లీ... ఇస్తావా?"

నా నోట్లో ఆ మాట సిద్ధంగా ఉంది. నెలల తరబడి చెప్పి చెప్పి అరిగిపోయిన మాట. ఎవరడిగినా తడుముకోకుండా అనే మాట. నాలుక దాన్ని అనడానికి లేచింది కూడా. పళ్ళతో నాలుక కొరుక్కున్నాను. రక్తం ఉప్పగా తగిలింది. తెర అవతల నీడ నా జవాబు కోసం ఓపిగ్గా నిలబడి ఉంది...

ఆసుపత్రిలోనూ మెడలోంచి తియ్యని విజిల్ అందుకుని ఒక్కటి వేశాను. ఉన్న ఊపిరంతా పెట్టి. ఒక్కటే. ఆగు అని.

పాప కెవ్వుమంది. నర్సు దీపంతో పరుగెత్తుకొచ్చింది. తెర లేదు. పైన రింగులన్నీ కాళ్ళవైపు ఒక మూలకి చేరి ఊగుతున్నాయి. తొట్టిలో పాపకి తెల్లటి కొత్త గుడ్డ గట్టిగా చుట్టి ఉంది, మొహం మీద దాకా. ఆ గుడ్డ ఎక్కడిదో నర్సుకు తెలియదు. నేను దాన్ని విప్పి కిటికీలోంచి వానలోకి విసిరేశాను. నా వేళ్ళకి గంజి అంటుకుంది.

ఆ సాయంత్రమే వేరే గదికి మారాను. అవును, మారాను. పాప కోసం మారాను.

తర్వాతి రోజుల్లో మేడమ్ నాకు కొందరు దంపతుల గురించి చెప్పింది. చేతిగడియారాలు బాగుచేసే ఆయన్నీ, ఆయన భార్యనీ ఎంచుకున్నాను. వాళ్ళు నన్ను జాలిగా చూడలేదు, అది మొదటి కారణం. "మీ ఇంట్లో తెరలున్నాయా?" అని అడిగితే ఎందుకని అడగకుండా, "ఉన్నాయి, తీసేస్తాం" అంది ఆవిడ. అది రెండో కారణం. మర్నాడే తీసేసి, నన్ను పిలిచి చూపించారు. ఖాళీ కిటికీల్లోంచి ఇల్లంతా ఎండ పడుతోంది. ఇక్కడ పెరుగుతుంది నా పిల్ల అనుకుంటే కళ్ళు తడిశాయి, ఆనందంగానూ అనిపించింది.

ఇక మిగిలింది చెప్పడమే.

"ఆసుపత్రిలో చెప్పను మేడమ్" అన్నాను. "ఈ కప్పు కింద నా నోటినుంచి ఆ మాట రాదు."

"మరెక్కడ చెప్తావు?"

"నా బస్సులో."

మేడమ్ సంచీ భుజానికి తగిలించుకుంది. "ఎప్పుడు చెప్పాలన్నదానికే పద్ధతి ఉంది. ఎక్కడ చెప్పాలన్నదానికి లేదు. పద" అంది.

నా బస్సు నడిపే డ్రైవర్‌ని నేను బాబాయ్ అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు, తిట్టుకునేంత చనువుంది. డిపోకి ఖాళీగా వెళ్ళే బస్సును ఆయన ఆసుపత్రి ముందు ఆపాడు. పట్టపగలు. ఎండ. కిటికీలకి అద్దాలు తప్ప ఏమీ లేవు. దంపతులు, మేడమ్, నేను, నా ఒళ్ళో పాప. మధ్య సీట్లలో కూర్చున్నాం. రెండు విజిళ్ళు వేశాను.

కొంత దూరం పోయాక మేడమ్ అడిగింది. "ఇస్తావా?"

పాప మొహం మీద గుడ్డ పక్కకి తీశాను. బాగా చూశాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.

"ఇస్తాను" అన్నాను, వెనక సీటు దాకా వినిపించేలా. నా చేతులతో ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టాను. "మెడ కింద చెయ్యి ఉంచండి. ఎప్పుడైనా నా గురించి అడిగితే, ఇచ్చిందని చెప్పండి. వదిలేసిందని చెప్పొద్దు."

"అలాగే" అంది ఆవిడ. ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

దంపతుల వీధి మొదట్లో వాళ్ళిద్దరూ, మేడమూ పాపతో ముందు తలుపులోంచి దిగారు. చెయ్యి ఊపాను. రెండు విజిళ్ళు వేశాను. బస్సు కదిలింది. గుండె ఖాళీగా, నడుము నిటారుగా ఉంది.

"మంచివాళ్ళలా ఉన్నారే" అన్నాడు బాబాయ్ అద్దంలోంచి నన్ను చూస్తూ. "ఆ ముసలావిడ ఎవరు, వాళ్ళమ్మా?"

"ఏ ముసలావిడ?"

"అదేనే, తెల్లబట్టలావిడ. ఆసుపత్రి దగ్గర మీ వెనకే ఎక్కింది. చివరి సీట్లో కూర్చుంది. నువ్వు ఇస్తానన్నావు చూడు, అప్పుడు లేచి నిలబడింది. ఇందాక వాళ్ళతోపాటే దిగిందిగా. దిగుతూ నీవైపు చూసి, సరేనమ్మా అంది. నువ్వు వినలేదా?"

వెనక్కి తిరిగి చూశాను. చివరి సీటు మీద తడి మరక. బస్సంతా గంజి వాసన...

ఒక్క విజిల్ వేశాను.

బస్సు పూర్తిగా ఆగకముందే దిగాను. కుట్లు లాగుతున్నాయి. అయినా పరుగెత్తాను. గడువు ఇంకా ఉంది. నా మాట నేను వెనక్కి తీసుకోవచ్చు. పాపను పెంచబోయే తల్లి దగ్గర కాదు, ఆవిడకి ఇచ్చింది ఇచ్చిందే. ఆ ముసలిదాని దగ్గర తీసుకుంటాను. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, దాని మొహం మీదే తీసుకుంటాను.

ఇంటి తలుపు మూసి ఉంది. లోపల పాప ఏడుస్తోంది. విజిల్ పళ్ళ మధ్య పెట్టుకుని తలుపు మీద చెయ్యి వేశాను.

అప్పుడు వినిపించింది. తెరలన్నీ తీసేసిన ఆ ఇంట్లో, గోడకి అవతల, రింగులు ఒక్కొక్కటే కమ్మీ మీద జరుగుతున్న చప్పుడు.