నాన్న ఆఖరి వల

ఒడిశా తీరంలోని చమఖండిలో ఉదయం ఏడు కావస్తోంది. జగ్గన్న అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కనే కూతురు రింకి, పాత వలలతో కుట్టిన సంచులను గోడకు ఆనించి, ఆన్‌లైన్లో అమ్మడానికి ఫోన్లో ఫొటోలు తీస్తోంది. ఏడాదిగా నెలకు రెండో మూడో అమ్ముడయ్యే సంచులను ఈ ఎనిమిది రోజుల్లో వంద మందికి పైగా అడిగారు. పిల్లకి అదృష్టం తన్నుకొచ్చిందని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటే, రింకి మాత్రం ఎవరి మొహంలోకీ సూటిగా చూడటం లేదు.

అంతలో వీధి మొదట్లో ఆటో ఆగింది. జగ్గన్నతో ముప్పై ఏళ్లు ఒకే పడవలో వేటకెళ్లిన పైడన్న, మార్కండి ఊరి నుంచి గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "ఓరి బావా! నన్నొగ్గేసి ఎలిపోనావురా!" అంటూ గుమ్మం దాకా వచ్చి, టీ గ్లాసుతో కూర్చున్న బావని చూసి కొయ్యబారిపోయాడు.

"ఏటైందిరా? ఎవులు పోనారు?" అన్నాడు జగ్గన్న.

"నువ్వేరా! మా మనవడు పోన్లో సూపించాడు. అందరూ ఓం శాంతి, ఓం శాంతి అంటన్నారు."

ఆ మాటకి లోపల్నుంచి రింకి తల్లి దుర్గ పరుగెత్తుకొచ్చింది. పైడన్న ఫోన్లో జగ్గన్న వల అల్లుతున్న ఫొటో ఉంది. దాని కింద 'బాపాంక శేష జాల' అని రింకి ఒడియాలో రాసింది. అంటే, నాన్న ఆఖరి వల. మోకాళ్లు సహకరించక జగ్గన్న వేట మానేసే ముందు అల్లిన వల అది. చదివినవాళ్లు మాత్రం మనిషే పోయాడనుకున్నారు. తండ్రి లేని పిల్లని ఆదుకోవాలని ఎగబడి సంచులు కొన్నారు.

దుర్గ చెయ్యి పుస్తెల మీదకి పోయింది. "నా బొట్టు తుడిసి యాపారం సేత్తన్నావేటే గుంటా?"

"సచ్చిపోయాడని నాను రాయనేదమ్మా! ఆల్లే అలాగనుకున్నారు."

"కాదని సెప్పావా?" అన్నాడు జగ్గన్న.

రింకి ఒక్కసారిగా బద్దలైంది. "ఎలా సెప్పను నాన్నా? ఏడాదిపాటు నువ్వు నవ్వతన్నవి, వల అల్లతన్నవి ఎన్ని పొటోలు పెట్టాను? ఒక్కలూ సూడనేదు. ఇదొక్కటే సూసారు. కుట్టడానికి నలుగురు ఆడోల్లని పెట్టుకున్నాను. ఇప్పుడు ఆల్లని ఇంటికెలిపొమ్మనాలా?"

"ఈ జాలి ఎన్నాల్లుంటాదే? వచ్చే నెల ఎవుల్ని సంపుతావు? నన్నా?" అంది దుర్గ.

జగ్గన్న గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. "అంటే, బతికున్న జగ్గన్న వల ఎవులికీ అక్కర్నేదన్నమాట" అని లోపలికి వెళ్లిపోయాడు.

తిట్టినా, కొట్టినా రింకి ఓర్చుకునేది. ఈ మాట మాత్రం ఓర్చుకోలేకపోయింది. తను దాచింది జనం పడ్డ పొరపాటునే అనుకుంది ఇన్నాళ్లూ. నాన్న బతికుండటాన్నే దాచిందని ఇప్పుడు తెలిసింది. ఫోన్ తనవైపు తిప్పుకుంది. "మా నాన్న బతికే ఉన్నాడు. మీరు పొరపాటు పడ్డారని తెలిసీ నోరు మూసుకున్నాను. తప్పు నాది. వద్దనుకున్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చేస్తాను" అని వీడియో తీసి పెట్టింది.

మధ్యాహ్నానికి సగానికి పైగా వద్దన్నారు. కొందరు దుమ్మెత్తిపోశారు. రింకి అన్నీ చదివింది, ఒక్కటీ చెరపలేదు. అప్పుడు బరంపురం నుంచి ఒక టీచరమ్మ రాసింది. చదివి రింకి పరుగున నాన్న దగ్గరికెళ్లింది.

"నాన్నా, ఒకావిడ సంచి అడుగుతంది. నీ సేత్తో కొత్తగా అల్లిన వలతోనే కావాలంట. ఎన్నాల్లు పడతాదంటంది."

జగ్గన్న తలెత్తాడు. "నాను బతికున్నానని తెలిసే అడిగిందేటి?"

"తెలిసే నాన్నా."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, చాలాసేపు తువ్వాలు తీయలేదు. చివరికి, "పది రోజులని సెప్పు. నడుం నొప్పెడితే పదకొండు" అన్నాడు.

రింకి ఆ మాటే టైపు చెయ్యబోయింది. అక్షరాలు కనిపించలేదు. ఫోన్ పక్కన పెట్టేసి, నాన్న భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.