బాపట్లలో వదిలేసిన అంబాసిడర్

"డోరు లోపల్నుంచి రాదండి. నేనే వచ్చి తియ్యాలి."

"అంటే నేను కారు దిగాలన్నా మీ దయ ఉండాలన్నమాట!"

"దయేం కాదండి టీచరుగారూ, హ్యాండిలు పాడైంది."

రేపల్లెలో రిబ్కా ఇంటి ముందు, ఆమెకీ డ్రైవరు పౌలుకీ జరిగిన మొదటి గొడవ అది. రిబ్కా హైస్కూలు టీచరు. తల్లి కమలమ్మకి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళి తిరిగొస్తూ టాక్సీ స్టాండులో పౌలు కారు మాట్లాడుకుంది.

అప్పట్నుంచీ నాలుగేళ్ళుగా ప్రతి శనివారం అదే వరస. పౌలు తెనాలి నుంచి రేపల్లె రావడం, తల్లీకూతుళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, కమలమ్మ కాలికి కరెంటు పెట్టించాక మళ్ళీ ఇంటి దగ్గర దింపడం.

హ్యాండిలు రెండో వారానికే బాగయింది. అయినా పౌలు చుట్టూ తిరిగొచ్చి డోరు తీస్తూనే ఉన్నాడు. రిబ్కా కూడా అతనొచ్చేదాకా లోపలే కూర్చుంటోంది. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

తొంభై మూడు జూలై నాటికి కారూ, పౌలూ ఇద్దరూ అలిసిపోయారు. అది అతని తండ్రి బర్నబాస్ కొన్న కారు. ఆయన చేతుల కింద నునుపు తేలిన స్టీరింగు పట్టుకునే పౌలు చెల్లెళ్ళిద్దరి పెళ్ళిళ్ళూ చేశాడు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా తన పెళ్ళి మాట మాత్రం ఎత్తలేదు. ఇప్పుడు స్టాండులో అందరూ కొత్త వ్యాన్లే అడుగుతున్నారు. నెలలో సగం రోజులు కారు మెకానిక్కు ఆదాము షెడ్డులోనే ఉంటోంది.

"ఇంకోసారి ఇంజను విప్పితే మళ్ళీ బిగించడానికి ఏమీ మిగలదు పౌలూ. వదిలెయ్," అన్నాడు ఆదాము.

ఆ శనివారం కమలమ్మని మంచం మీద కూర్చోబెట్టాక పౌలు గుమ్మం దగ్గర ఆగాడు.

"వచ్చే వారం నుంచి వేరే వ్యాన్ మాట్లాడానండి. అందులో మీకు కుదుపులుండవు."

"నీ కారుకేమయిందిరా?" అంది కమలమ్మ.

"బాపట్లలో పాత ఇనుము కొట్టుకి ఇచ్చేస్తున్నానమ్మగారూ. ఇట్నుంచి ఇటే తీసుకెళ్తున్నా."

రిబ్కా చేతిలో మందుల సంచి అలాగే ఉండిపోయింది. "ఇప్పుడా చెప్పేది?"

"ముందే చెబితే ఏం చేస్తారండి?"

"నిజమే. మేమెవరం? కిరాయి ఇచ్చేవాళ్ళం. వ్యాన్ మాట్లాడిపెట్టారుగా, చాలా థాంక్సండి!" అని విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వదిలించుకుంటున్నానని అనుకుంది కాబోలు. కాదని చెప్పాలనుకున్నాడు పౌలు. కానీ జేబులోంచి కారు తాళం తీసుకుని మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఆగరా," అంది కమలమ్మ. "రిబ్కా! నువ్వూ వెళ్ళు. నాలుగేళ్ళు నన్ను మోసిందే ఆ కారు! దాన్ని సాగనంపడానికి మనింట్లోంచి ఒక్కరన్నా వెళ్ళొద్దూ? నాకు తోడు పక్కింటి కొండమ్మ ఉంటుందిలే."

ఆ రోజు మొదటిసారి రిబ్కా ముందు సీట్లో కూర్చుంది. చెరుకుపల్లి దాటాక సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఒక్క వైపరే పనిచేస్తోంది, అదీ మూలుగుతూ.

"కోపం తగ్గిందాండి టీచరుగారూ?"

"నాకో పేరుందండి."

"తెలుసండి."

"మరి ఒక్కసారన్నా పిలవరేం?"

పౌలు గేరు మార్చబోయాడు. అది పడలేదు. రెండోసారి బతిమాలితే పడింది. రిబ్కా నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు, కానీ ఆ నవ్వులో ఓపిక లేదు.

"రేపట్నుంచి ఏం చేస్తారు?"

"వేమూరు రైసుమిల్లులో లారీకి డ్రైవరు కావాలంటున్నారండి. అడగాలి."

బాపట్ల పొలిమేరలో ఇనుము కొట్టు కనిపించగానే పౌలు కారాపి, డిక్కీలోంచి బకెట్టూ గుడ్డా తీశాడు. కాలవలో నీళ్ళు ముంచుకొచ్చి టాపు మీద పోశాడు.

"వానలో కడుగుతారేంటండీ!"

"బురదతో ఇవ్వబుద్ధి కావడం లేదండి."

రిబ్కా కొంగు బిగించి అతని చేతిలో బకెట్టు అందుకుంది. ఆమె నీళ్ళు పోస్తుంటే అతను తుడిచాడు. చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరూ తడిశారు. కారు మాత్రం పెళ్ళికి బయల్దేరినట్టు మెరిసింది.

కొట్టు యజమాని హనుమయ్య గొడుగు కింద నిలబడి చూశాడు. "తుక్కుకిచ్చేదానికి ఇంత సింగారం ఎందుకయ్యా?" అన్నాడు గానీ, పౌలు మొహం చూసి గేటు తెరిచాడు.

ఆవిరి పట్టిన అద్దాలన్నీ దింపుకుని, తుప్పు పట్టిన రేకుల మధ్య కారు నిలిపి, తాళం దానికే వదిలేసి బయటికొచ్చాడు పౌలు. గేటు దాకా వచ్చాక రిబ్కా ఆగింది.

"అద్దాలు దింపే ఉన్నాయండి. సీట్లు తడుస్తాయి."

రేపు సుత్తెలతో పగలగొట్టేసే కారది. అయినా పౌలు గబగబా వెనక్కెళ్ళి నాలుగు అద్దాలూ ఎత్తాడు. చివరి అద్దం దగ్గర కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. రిబ్కా అటు చూడకుండా గేటు దగ్గరే నిలబడింది.

బస్టాండులో తెనాలి బస్సూ రేపల్లె బస్సూ పక్కపక్కనే ఉన్నాయి. తెనాలి బస్సుకి కండక్టరు కేకేస్తున్నాడు.

"మీ బస్సు వెళ్ళిపోతుంది, ఎక్కండి," అంది రిబ్కా.

"నాలుగేళ్ళూ కారు పేరు చెప్పి మీ ఇంటికొచ్చానండి. ఇప్పుడు కారు లేని డ్రైవర్ని. ఏం చెప్పుకుని రాను?"

"వ్యాన్ మాట్లాడినప్పుడు తట్టలేదా అది?"

"తట్టిందండి. అందుకే నిన్న రాత్రి నిద్ర పట్టలేదు."

రిబ్కా తడి కొంగు పిండుకుంటూ తల వంచుకుంది. "మా అమ్మ కాలికి ఇక ఆసుపత్రి అక్కర్లేదని డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది. ఇంట్లోనే మర్దనా చేసుకోమన్నాడు. ఆ మాట మీకు నేను చెప్పలేదు."

తెనాలి బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది.

"రిబ్కాగారూ," అన్నాడు మెల్లగా. "నన్ను చేసుకుంటారాండీ?"

"ముందు మా ఊరి బస్సెక్కండి. సీట్లు అయిపోతాయి," అంది. ఆమె కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

సీట్లో కూర్చున్న కాసేపటికే పౌలు నిద్రలోకి జారిపోయాడు. తల ఆమె భుజం మీదికి ఒరిగింది. వెనక సీట్లో ఆడవాళ్ళు గుసగుసలాడారు. రిబ్కా కిటికీలోంచి వాన చూస్తూ కదలకుండా కూర్చుంది.

రేపల్లెలో ఇద్దర్నీ కలిపి గుమ్మంలో చూడగానే కమలమ్మ అడిగింది, "ఇచ్చేశావా?"

"ఇచ్చేశానమ్మగారూ." పౌలు గొంతు సవరించుకున్నాడు. "రిబ్కాగారిని చేసుకుంటానని అడగడానికి వచ్చానండి. నాకిప్పుడు కారు లేదు. రేపటికి పనుందో లేదో కూడా తెలీదు."

కమలమ్మ కూతురి మొహం చూసింది. చేతికర్ర పక్కన పెట్టింది.

"ఆసుపత్రికి పోనక్కర్లేదని తెలిసీ, ఆర్నెల్లు ఊరికే గతుకుల్లో తిరిగానురా మీ ఇద్దరి కోసం. నడుం పడిపోయింది. పాస్టరుగారికి రేపు కబురు చేస్తాను, ఈ పూట నా వల్ల కాదు. వెళ్ళి కాళ్ళు కడుక్కో, అన్నం తిందువుగాని."

కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాక పౌలు చెయ్యి ఆగిపోయింది. పొద్దున్నుంచీ బిగబట్టిన ఏడుపు అప్పుడొచ్చింది. అతను తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎవరూ ఊరుకోమనలేదు. రిబ్కా దగ్గరగా జరిగి, అతని అన్నంలో ఇంకాస్త చారు పోసింది.