హెల్మెట్ మీద చుక్క

టప్పున నా తెల్ల హెల్మెట్ మీద ఏదో పడింది. తీసి చూశాను. ముదురు గోధుమరంగు చుక్క, జిగటగా ఉంది. తలెత్తితే పైన క్రేన్.

"ఆయిల్ లీక్! ఆపండి, ఆపండి!" అని గొంతు చించుకున్నాను.

సేఫ్టీ ఆఫీసరుగా ఆ సైట్లో నాకది నాలుగో రోజు. మనకి ఉత్సాహం ఎక్కువ, అనుభవం తక్కువ.

క్రేన్‌కి కిందనుంచి సైగలిచ్చే పెద్దాయన రెండు చేతులూ బార్లా చాపాడు. అన్నీ వదిలేసి వెంటనే ఆపు అని దానర్థం. సైటంతా ఆగిపోయింది.

పావుగంటకి నిచ్చెన దిగి వచ్చింది క్రేన్ ఆపరేటర్. అందరూ ఆమెని పైలట్ అంటారు. నా హెల్మెట్ లాక్కుని, చుక్కని వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

"ఆయిల్ కాదు సార్, సోయాసాస్. నా చికెన్ ర్యాప్‌లోంచి కారింది. మీరూ రుచి చూస్తారా?"

ఒకటే నవ్వులు. కింద లోడ్ కట్టే రెండు నిమిషాల్లో, పైన కిటికీ పక్కన ఓ కొరుకు తింటుందట.

"మూడేళ్ళలో మా నాన్న నా క్రేన్‌కి రెండు చేతులూ చాపడం ఇదే మొదటిసారి. మీ పుణ్యమా అని అదీ అయింది!"

సైగల పెద్దాయన ఆమె తండ్రని అప్పుడే తెలిసింది. సైటంతా ఆయన్ని బాబాయ్ అంటారు. మూడు రోజులు నేనూ అలాగే పిలిచాను. ఆ సాయంత్రం నుంచి మాత్రం మాస్టారూ అన్నాను. బాబాయ్ అంటే ఆ కోపిష్టి పిల్ల నాకు చెల్లెలయిపోదూ!

నవ్వులాట అక్కడితో ఆగలేదు. మేనేజర్ చెప్పేశాడు: "ఇక క్యాబిన్లో తిండి బంద్. కిందికి దిగి తినాలి."

దిగి ఎక్కేసరికి నలభై నిమిషాలు. శుక్రవారం ఆఖరి ఇనప దూలం ఎత్తాలి, ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్రేన్ ఆగకూడదు. "పొద్దంతా పస్తుండి లోడ్ ఎత్తడానికి నేనొప్పుకోను. ఆ రోజుకి షిఫ్టులు మారే ఆపరేటర్లని ఇద్దర్ని తెప్పిస్తా," అన్నాడు.

పైలట్ మొహం పక్కకి తిప్పుకుంది.

"పద్నాలుగు అంతస్తులకీ ప్రతి దూలం అదే ఎత్తింది బాబూ," అన్నాడు పెద్దాయన నాతో. "ఆఖరిది కూడా..." అని క్రేన్ వైపు చూశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా మేనేజర్ దగ్గరికెళ్ళాను. "చుక్క కారని భోజనమైతే ఒప్పుకుంటారా సార్?"

"నువ్వు సంతకం పెడితే సరే. మళ్ళీ చుక్క పడిందో, నీ ఉద్యోగం నీది కాదు."

ఆ భోజనమేదో నేనే చేసి చూపిస్తానన్నాను. ఆదివారం మా అమ్మ పిలిస్తే తండ్రీకూతుళ్ళు మా ఇంటికొచ్చారు.

"మావాడు తాగిన గ్లాసు కూడా తీయడు. ఇవాళ క్యారెట్ తరుగుతున్నాడు. సైట్లో తలకేమైనా తగిలిందా అమ్మా?" అంది అమ్మ.

"చుక్క తగిలిందండీ," అంది పైలట్.

చికెన్ సన్నటి చీలికలు కోసి పెద్ద మంట మీద వేయించాను. అల్లం, వెల్లుల్లి, సోయాసాస్, చెంచాడు తేనె. పావుగంటలో ఇల్లంతా ఘుమఘుమ. పల్చటి రొట్టెలో పరిచి, మరికాస్త సాస్ ధారగా పోసి, చుట్టి ఠీవిగా అందించాను. ఆమె చేతిలోకి వెళ్ళగానే బొటబొటా కారింది.

"అబ్బో, సేఫ్టీ గారూ! ఇది ర్యాపా, కుళాయా?"

"అయితే మీరే చూపించండి."

చొక్కా చేతులు మడిచింది. "సాస్ బాణలిలోనే ఇగిరిపోవాలి, ముక్కకి పట్టాలి. రొట్టె మీద ముందు పచ్చి క్యాబేజీ తురుము. ఉన్న కాస్త తడీ అదే పట్టుకుంటుంది. పైన నువ్వులు. నాన్నా, లోడ్ కట్టేటప్పుడు ముందేం చూస్తాం?"

"అడుగు," అన్నాడాయన.

"అంతే. ముందు అడుగు మడవాలి, తర్వాతే పక్కలు."

"ఇన్ని తెలిసి ఆ రోజెలా కారింది?"

ఆమె గొంతు తగ్గింది. "లేటయిందని అడుగు మడవలేదు."

"అంటే తప్పు మీదే!"

"ఊరంతా వినేలా అరిచింది మీరు!"

నేను చేసిన అయిదో ర్యాప్ నిలబడింది. పెద్దాయన దాన్ని నా తెల్ల హెల్మెట్ మీద పది నిమిషాలు నిలువుగా పట్టుకున్నాడు. చుక్క పడలేదు. మేనేజర్ అడిగిన కాగితం మీద అక్కడే సంతకం పెట్టాను.

శుక్రవారం తెల్లవారుజామునే లేచి నేనే చేసి పంపాను. ఆమె తింటున్నంతసేపూ కింద హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాను. మెడ పట్టేసింది గానీ చుక్క రాలలేదు.

సాయంత్రం దూలం లేచింది. సైటంతా నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. నాలుగు టన్నుల ఇనుముని పైలట్ పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దాని చోట దించింది. చప్పట్లు మోగిపోయాయి. నేనే ఎత్తినంత గర్వంగా ఉంది నాకు.

"నా కూతురు! నా కూతురండీ!" అంటున్నాడు పెద్దాయన, ఆ సంగతి తెలియనివాడు అక్కడ ఒక్కడూ లేకపోయినా.

వాకీటాకీ గరగరలాడింది. "సేఫ్టీ గారూ, ర్యాప్ బాగుంది. ఉప్పే కాస్త తగ్గింది. రేపెవరు చేస్తారు?"

"హుక్ ఖాళీయేనా?"

"ఖాళీయే. ఏం?"

"లోడ్ ఉండగా ఇలాంటివి మాట్లాడకూడదు. రేపూ నేనే చేస్తాను. ఎల్లుండీ నేనే. మీకిష్టమైతే జన్మంతా నేనే."

సైట్లో అందరిదీ అదే ఛానల్ అని అనేశాక గుర్తొచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి. పెద్దాయన నా వైపే నడిచొస్తున్నాడు. ఆయన రెండు చేతులూ బార్లా లేస్తాయేమోనని ఊపిరి బిగబట్టాను.

"మూడు రోజులు బాబాయ్ అన్నావు. నాలుగో రోజు మాస్టారూ అన్నావు," అన్నాడు. "నాకప్పుడే అర్థమైంది బాబూ."

క్రేన్ వైపు తిరిగి, చూపుడు వేలు ఆకాశానికెత్తి గుండ్రంగా తిప్పాడు. పైకెత్తు అని సైగ, నీకిష్టమైతేనే అన్నట్టు.

ఖాళీ హుక్ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత మెల్లగా పైకి లేచింది.

"మాస్టారూ..." అన్నాను.

"ఇంకా మాస్టారేంటి!" అన్నాడు మావయ్య.